పరిచారిక: పదము, పదవి, పదోన్నతి

తెలుగు వాఙ్మయమున వైద్యుని ప్రసక్తి పెక్కు తావుల కలదు. రోగిని గూర్చిన వర్ణనలకును కొఱత లేదు. ఈ యిరువురి నడుమ రేయింబవళ్లు నిలిచి పనిచేయు పరిచారికను గూర్చి మాత్రము మన విమర్శకులు విచారించినది మిక్కిలి స్వల్పము. ఆమెను స్తుతించినవారు కలరు. ఆమె స్థితిని పరిశీలించినవారు అరుదు. స్తుతికిని పరిశీలనమునకును గల ఈ యంతరమే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

ఆసుపత్రులయందు పనిచేయు నర్సుల యుద్యోగ జీవితమున నొక స్తబ్ధత కానవచ్చుచున్నది. ఇరువదియేండ్ల ప్రాయమున ఏ పేరుతో కొలువున చేరిరో, ఏబదియేండ్లు దాటిన పిదపను పెక్కుమంది అదే పేరుతో, అదే వార్డునందు, అదే పనిని చేయుచుందురు. అనుభవము పెరుగును, బాధ్యత పెరుగును, పదవి పెరుగదు. ఇది పరిపాలనకు సంబంధించిన విషయమనియు, సాహిత్య విమర్శకునకు దీనితో పని లేదనియు తోపవచ్చును. కాని ఒక వృత్తిని సమాజమెట్లు చూచుచున్నదో తెలుపు సాక్ష్యములు రెండు విధములు. ప్రభుత్వపు టుత్తరువులును జీతపు పట్టికలును ఒక విధము. ఆ వృత్తికి భాష యిచ్చిన పేర్లును, కావ్యములు దానికి కల్పించిన పాత్రలును రెండవ విధము. ఈ రెండవ సాక్ష్యమును పరీక్షింపవలసినవారము మనమే. ఆ పరీక్ష చేసినచో నేటి పదవుల పట్టికలోని లోపమునకు మూలములు మన పదములయందును, మన పాత్రలయందును ముందుగనే కలవని తేలుచున్నది.

పెనుకొండ ప్రాంతము

ఈ విచారణకు పెనుకొండ ప్రాంతమును ఆధారముగా గైకొనుటకు రెండు కారణములు కలవు. మొదటిది సాహిత్య సంబంధి. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, ఆరవీటి తిరుమలరాయలు రాజ్యపీఠమును పెనుకొండకు మార్చెను. సంస్కృతమున ఘనగిరి యని వ్యవహరింపబడిన ఈ దుర్గమునుండి పాలించిన యాతనికే రామరాజభూషణుడు వసుచరిత్రము నంకితమిచ్చెను. ఉపచార వర్ణనము తెలుగు ప్రబంధములయందు ఎట్టి పరిణతి నందినదో తెలుపుటకు ఆ కావ్యము మంచి నిదర్శనము.

రెండవది వర్తమాన సంబంధి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల నడుమనున్న సీమ వానకఱవునకును వేరుసెనగ పంట నష్టములకును పేరుపడినది. ఇట్టి సీమలో వైద్యాలయములు క్రమముగా వెలసినవి. 1956లో పుట్టపర్తియందు శ్రీ సత్యసాయి సాధారణ వైద్యాలయము, 1991లో అచ్చటనే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000లో ధర్మవరమునకు సమీపమున బత్తలపల్లియందు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి ఆసుపత్రి ప్రారంభమైనవి. మూడు పట్టణములయందును ప్రభుత్వాసుపత్రులు కలవు. 2022లో ఈ ప్రాంతమంతయు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. నేలను నమ్ముకొన్న కుటుంబమునకు వానలు తప్పినను తప్పని నెలజీతము గొప్ప యాధారము. కావున కూతురికి నర్సు చదువు చెప్పించుట ఇచ్చట వివేకముతో కూడిన నిర్ణయమే. ఆ చదువు ముగించిన బాలిక ఉద్యోగమున ప్రవేశించుట యొక యెత్తు. అందు ఎంతవరకు పోగలదనుట మఱియొక యెత్తు. మొదటి ప్రశ్నకు లభించినంత సమాధానము రెండవ ప్రశ్నకు లభింపలేదు.

చరకుని చతుష్పాదము

భారతీయ వైద్యశాస్త్రమున పరిచర్యకు స్థానము లేదనుట పొరపాటు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధ ద్రవ్యము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంత నిలుచువాడు, పరిచారకుడు. నాలుగు పాదములలో నొకటి లోపించినను చికిత్స కుంటుపడునని భావము. పరిచారకుని ఇంతగా అంగీకరించిన శాస్త్రము గౌరవింపదగినది.

అయినను ఈ ప్రకరణమునందే మఱియొక విశేషము కలదు. ప్రతి పాదమునకును చరకుడు నాలుగేసి గుణములు విధించెను. వైద్యునకు శాస్త్రమునందు నిర్మలమైన జ్ఞానము, పెక్కు పర్యాయములు చికిత్సాకర్మమును చూచియుండుట, దాక్ష్యము, శౌచము అనునవి గుణములు. పరిచారకునకు ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము అనునవి గుణములు. ఈ రెండు పట్టికలను పక్కపక్కన నుంచి చూడవలయును. దాక్ష్యమును శౌచమును ఇరువురికిని సమానములు. శాస్త్రజ్ఞానమునకు ఎదురుగా ఉపచారజ్ఞానము నిలిచినది. వైద్యుని దృష్టకర్మతకు, అనగా అనుభవమునకు, ఎదురుగా పరిచారకుని పక్షమున నిలిచినది అనురాగము.

ఇచ్చటనే మన సమస్యకు బీజము కనబడుచున్నది. పెక్కు రోగములను, పెక్కు చికిత్సలను కన్నులార చూచుట వైద్యునకు గుణముగా లెక్కింపబడినది. అదే శయ్య చెంత, అంతకంటె నెక్కువ గడియలు నిలిచి, అవే రోగములను చూచిన పరిచారకునకు ఆ చూపు గుణముగా లెక్కకు రాలేదు. అతనినుండి కోరబడినది ప్రేమ. అనుభవము కాలముతోపాటు పెరుగు గుణము. పది యేండ్ల యనుభవముకంటె ఇరువది యేండ్ల యనుభవము హెచ్చు. అనురాగము అట్టిది కాదు. కొలువున చేరిన మొదటి దినముననే అది నిండుగా నుండవలయును. ముప్పది యేండ్లకును అట్లే యుండవలయును. పెరుగని గుణము నాధారముగా చేసికొని ఏర్పడిన వృత్తికి పెరుగుదల యెట్లు కలుగును?

ఆ సంహితయందే వైద్యగృహమునకు కూర్పవలసిన సామగ్రిని, జనమును చెప్పు ప్రకరణము కలదు. వంట, స్నానము, మర్దనము, రోగిని లేపుట, పరుండబెట్టుట, మందు నూఱుట మున్నగు పనులలో నేర్పరులై, ఏ పనికిని విముఖులు గానివారు పరిచారకులుగా నుండవలయునని అందు విధింపబడినది. ఇన్ని వేర్వేరు నేర్పులు ఒక్క పేరు క్రింద చేరిపోయినవి. వాని నడుమ హెచ్చుతగ్గులు గాని, ఒకదానినుండి మఱియొకదానికి పోవు క్రమము గాని చెప్పబడలేదు. చరకుని నిందించుట ఈ వ్యాసోద్దేశము కాదు. ఆయన ఉద్యోగ నిబంధనలను వ్రాయలేదు. చికిత్సా సూత్రములను వ్రాసెను. కాని ఆ విభాగము తరువాతి భావనలకు అచ్చుగా నిలిచినది.

శాసనములును దీనికి తోడ్పడుచున్నవి. 1261 నాటి మల్కాపుర శాసనము రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యుల మఠమునకు అనుబంధముగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల యుండినట్లు తెలుపుచున్నది. పదునొకండవ శతాబ్దినాటి తిరుముక్కూడల్ శాసనము 15 శయ్యల ఆతులశాలను, అందలి వైద్యుని, శల్యకర్మ చేయువానిని, పరిచారికలను, వారి వారి జీతపు ధాన్యమును వేర్వేరుగా పేర్కొనుచున్నది. ధాన్యపు కొలత స్థిరము; పదవియు స్థిరము. ఒక స్థానమునుండి మఱియొక స్థానమునకు పోవు మార్గమును శాసనము చెప్పదు. చెప్పవలసిన యవసరము ఆ కాలమునకు తోపలేదు.

పదవిచారము

తెలుగున ఈ వృత్తికి ఏర్పడిన పేర్లను పరిశీలింతము. దాది యను పదము సంస్కృతమునందలి ధాత్రీ శబ్దమునకు తద్భవము. పాలిచ్చి పెంచునది యని యర్థము. ఉపమాత యను పర్యాయపదమును నిఘంటువులలో కలదు. ఆంగ్లమున నర్సు పదమునకును తొలి యర్థము ఇదియే. అది పోషించుట యను నర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. ఆయా యను మాట పోర్చుగీసునుండి వచ్చినది. అచ్చటను దానికి బిడ్డలను పెంచునది యనియే యర్థము. మూడు భాషలు ఒకే త్రోవను త్రొక్కినవి. రోగిని చూచుకొనునామెను భాష మొదట తల్లికి బదులుగా నిలుచునదిగా భావించినది. తల్లితనమునకు పదోన్నతి లేదు. తల్లికి జీతము, సెలవు, శ్రేణి యనునవి యడుగుట అనుచితమని లోకము తలచును. ఆ తలపే దాదికిని, దాదినుండి నర్సుకును సంక్రమించినది.

మంత్రసాని పదము వేఱొక కథను చెప్పుచున్నది. సాని యనునది స్వామినీ శబ్దభవము. దొరసాని యను మాటలో నేటికిని ఆ గౌరవము నిలిచియున్నది. విడిగా ప్రయోగించినపుడు మాత్రము ఆ పదము అర్థాపకర్షమునకు పాఠ్యగ్రంథములు చూపు ప్రసిద్ధోదాహరణమైనది. పురుడు పోయు నేర్పు గల స్త్రీని ఒకప్పుడు స్వామినిగా పిలిచిన భాషయే ఆ పదమును క్రిందికి దింపినది. నేర్పు తగ్గలేదు, పేరు తగ్గినది.

వీనికంటె మిక్కిలి విచారింపదగినది సిస్టరు పదము. బ్రిటిషు ఆసుపత్రుల సంప్రదాయమున సిస్టరనునది పిలుపు మాత్రమే కాదు, పదవి. శిక్షణమున నున్నది ప్రొబేషనరు. శిక్షణము ముగించినది స్టాఫ్ నర్సు. ఒక వార్డునకు బాధ్యురాలు సిస్టరు. అందఱిపై నుండునది మేట్రను. ఆ పదము మన ఆసుపత్రులలో వ్యాపించునపుడు అర్థవ్యాకోచమును పొందినది. నేడు చదువుకొను బాలికయు సిస్టరే, ఏబదియెనిమిదేండ్ల హెడ్ నర్సును సిస్టరే. రోగి బంధువు, వైద్యుడు, వార్డు బాయి, మందుల దుకాణమువాడు అందఱును ఆ ఒక్క మాటతోనే పిలుతురు. అన్యదేశ్యమైన ఒక పదవీనామము మన నోట బంధువాచకమైనది. పల్లెలనుండి వచ్చువారు నర్సమ్మ యని పిలిచినను ఫలితమిదియే. అమ్మ, అక్క, సిస్టరు అను పిలుపులయందు ఆప్యాయత గలదు, సందేహము లేదు. కాని పదవిని తెలుపు మాటను చుట్టఱికమున కలిపివేయుటచే ఆ పదవియే చూపునకు అందకుండ పోయినది. వైద్యుల విషయమున లోకము ఇట్లు చేయలేదు. హౌస్ సర్జను, సివిల్ సర్జను, సూపరింటెండెంటు అను భేదములను పెనుకొండ సంతకు వచ్చు రైతు సయితము గుర్తింపగలడు.

సేవ యను మాటయు ఇట్టి ద్వంద్వమును కలిగియున్నది. దైవము విషయమున సేవ మహోన్నతము. జీవనోపాధి విషయమున మనుస్మృతి దానిని శ్వవృత్తి యని హీనపఱచినది. నర్సు చేయుపనిని సేవ యని కీర్తించునపుడు మొదటి యర్థమున కీర్తింతురు. జీతము నిర్ణయించునపుడు రెండవ యర్థమున నిర్ణయింతురు. దీనికి భిన్నమైన భావన మన వాఙ్మయమున లేకపోలేదు. సైరంధ్రి యనగా పరగృహమున వసించుచున్నను స్వవశయై యుండు శిల్పకారిక యని నిఘంటుకారులు నిర్వచించిరి. పరుల యింట పనిచేయుటయు, తన నేర్పునకు తానే యధికారిణియై యుండుటయు ఒక్క వ్యక్తియందు ఇముడునని ఆ పదము సాక్ష్యమిచ్చుచున్నది. విరాటపర్వమునందలి ద్రౌపదిని తలచుకొన్నచో ఆ స్వవశత్వమునకు ఎట్టి పరీక్షలు కలుగునో కూడ తెలియును. పరిచారికకు భాష ఇచ్చిన పేర్లలో ఆ యర్థము గలది ఒక్కటియు లేదు.

ప్రబంధములయందు ఉపచారము

ప్రబంధ నాయిక విరహతాపము నందినపుడు చెలికత్తెలు శైత్యోపచారములు చేయుదురు. చందనము పూయుట, తామరాకులు పఱచుట, పన్నీరు చల్లుట, వీవనలు వీచుట మున్నగునవి యందు వర్ణింపబడును. కవిసమయముగా దీనిని చదివి విడిచిపెట్టుట మనకు అలవాటు. కాని శయ్య, జ్వరము వంటి తాపము, గంటగంటకు మారు లక్షణములు, వానిని గమనించి ఉపచారమును మార్చు స్త్రీల బృందము – ఈ సన్నివేశమున నున్నది రోగిపరిచర్యయే. మనుచరిత్రమున వరూధినికిని, వసుచరిత్రమున గిరికకును ఇట్టి యుపచారములు జరిగినవి.

ఈ చెలికత్తెలను గూర్చి మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, వారు సాధారణముగా బహువచనమున కనబడుదురు. రెండవది, ఏ యుపచారము ఫలించినది, ఏది ఫలింపలేదు అను వారి యెఱుక కథను నడిపింపదు. తాపము తీరుటకు నాయకుని రాకయే కారణము. మూడవది, కావ్యాదిని చెలికత్తె యెట్లుండెనో కావ్యాంతమునను అట్లే యుండును. వసుచరిత్రమున మంజువాణి వంటి చతురురాలికి పేరు కలదు, మాట కలదు. గిరిక జన్మవృత్తాంతమును వినిపించునది ఆమెయే. ఒకరి కథను ఇంత నేర్పుతో చెప్పినయామెకు తన కథ లేదు. నాయిక పట్టమహిషి యగును. చెలికత్తె చెలికత్తెగానే మిగులును. పాత్రౌచిత్య దృష్టితో చూచిన ఇందు దోషము లేదు. వృత్తి దృష్టితో చూచిన, గుణము నిండుగను గతి శూన్యముగను గల పాత్రకు ఇది చక్కని మాదిరి.

మనుచరిత్రమున ఈ విషయమునకు మఱింత దగ్గఱగు ఘట్టము కలదు. ఇందీవరాక్షుడను గంధర్వుడు బ్రహ్మమిత్రుడను మునిని ఆయుర్వేదము నేర్పుమని వేడెను. ముని నిరాకరింపగా, ఇతర శిష్యులకు పాఠము చెప్పు సమయమున అదృశ్యుడై నిలిచి విద్యనంతయు గ్రహించెను. అది వెల్లడియైనపుడు శాపము తగిలి రాక్షసుడయ్యెను. పిదప స్వరోచివలన శాపవిముక్తుడై, తన విద్యను అతనికిచ్చి, కూతురగు మనోరమను పెండ్లి చేసెను. స్వరోచి ఆ విద్యతో మనోరమ చెలికత్తెలిద్దఱి రోగములను మాన్పి, వారిని కూడ వివాహమాడెను.

ఈ కథను వృత్తిదృష్టితో చదివిన రెండు సూత్రములు లభించుచున్నవి. పాఠము చెప్పుచోట నిలిచియుండి, శిష్యుల పట్టికలో పేరు లేకయే విద్యను గ్రహించినవాని జ్ఞానము చౌర్యముగా పరిగణింపబడినది. జ్ఞానము సత్యమే, దానితో రోగములు మానినవి. కాని అది అర్హుడని లోకమొప్పిన హస్తమును చేరిన తరువాతనే గౌరవము నందినది. వైద్యుని వెంట రోజుకు రెండు మార్లు శయ్య శయ్యకు తిరుగుచు, ఆయన చెప్పునది వినుచు, చేయునది చూచుచు ముప్పది యేండ్లు గడపిన నర్సు ఎఱుకయు ఇట్టిదే. ఆ యెఱుక పనిలో ఉపయోగపడును, పత్రములో కనబడదు. రెండవ సూత్రము చెలికత్తెలకు సంబంధించినది. వారి స్థితి మాఱినది వివాహముచేత. చెలికత్తెకు కావ్యము చూపిన ఏకైక ద్వారము పరిణయము. నర్సును వైద్యుడు వివాహమాడుటతో ముగియు కథలు నేటి జనప్రియ సాహిత్యమున ఎంత విరివిగా నున్నవో పాఠకు లెఱుగుదురు. ఆ కథలకు పూర్వరూపము ఇచ్చటనే కలదు. నాయిక మేలు కోరినట్లు కనబడు ఆ ముగింపు, ఆమె వృత్తినుండి తొలగుటయే ఉన్నతి యని చెప్పుచున్నది.

చలనచిత్రమున ఒక నిదర్శనము

1960లో వెలువడిన చివరకు మిగిలేది యను చలనచిత్రము ఈ సందర్భమున విస్మరింపరానిది. బుచ్చిబాబు నవలకును దీనికిని పేరునందు తప్ప సంబంధము లేదు. 1959 నాటి వంగచిత్రము దీప్ జ్వేలే జాయ్‌కి ఇది తెలుగు రూపము. గుత్తా రామినీడు దర్శకత్వము వహించెను. మానసిక చికిత్సాలయమున నర్సుగా సావిత్రి నటించెను. ప్రేమ విఫలమై మతి చలించిన రోగిని, ప్రేమను నటించి స్వస్థుని చేయు ప్రయోగమును వైద్యుడు ఆమెకు అప్పగించును. నటన నిజమై, రోగి కోలుకొని వెడలిపోగా, ఆమె మనస్సు చితికిపోవును. ఆ బాధ్యతనే మరల ఆమెపై మోపుదురు. తుదకు ఆమెయే రోగియై ఆ చికిత్సాలయమునందే చేరును.

సావిత్రి నటనను ప్రశంసించినవారు పెక్కురు. ఆ ప్రశంస న్యాయమైనది. కథానిర్మాణమును మన విషయముతో సమన్వయించి చూచినవారు కానరారు. ఈ చిత్రమున ప్రయోగము వైద్యునిది. పరికరము నర్సు అనురాగము. చరకుని పట్టికలో పరిచారకునకు విధింపబడిన ఆ గుణమే ఇచ్చట ఔషధముగా వ్యయము చేయబడినది. ప్రయోగము సఫలమైనపుడు శాస్త్రమునకు కీర్తి. ఆమెకు లభించినది రెండవ రోగి. నేర్పునకు ప్రతిఫలము పదవి కాక, అదే పని మరల చేయవలసి వచ్చుట. నర్సు స్థానమునుండి ఆమె కదలినది ఒక్కమాఱే. ఆ కదలిక రోగి శయ్య వైపునకు. పైకి పోవు త్రోవ లేని కథలో మిగిలినది ప్రక్కకు ఒరగుట మాత్రమే. చిత్రకర్తలు దీనిని విషాదముగా చూపిరి గాని గుణముగా చూపలేదు. అందువలన ప్రబంధ సంప్రదాయముకంటె ఇది ఒక యడుగు ముందున్నది. చెలికత్తెకు లేని కథను ఇది నర్సు కిచ్చినది. అయినను విషాదమునకు కారణము ప్రేమవైఫల్యమని చూపినంత స్ఫుటముగా, పనియొక్క నిర్మాణమని చూపలేదు.

పదవుల నిచ్చెన

ఇక మొదటి విధమైన సాక్ష్యమును సంగ్రహముగా చూతము. పెనుకొండ సీమ మద్రాసు రాజధానిలో నుండిన కాలమున 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. నమోదు పట్టికలు దానితో నేర్పడినవి. 1946లో భోర్ సంఘము తన నివేదికయందు దేశమున సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే యున్నారనియు, 43,000 మంది జనులకు ఒక్క నర్సు చొప్పున పడుచున్నదనియు తెలిపినది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. 1954లో శెట్టి సంఘమును, 1989లో ఉన్నతాధికార సంఘమును నర్సుల ఉద్యోగ స్థితిగతులపై నివేదికలు సమర్పించినవి. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము వెలువడినది. చట్టముల చరిత్ర ఇంత దీర్ఘమైనను నిచ్చెన మెట్లు స్వల్పము.

మన రాష్ట్రపు ప్రభుత్వ సేవలో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, రెండవ శ్రేణి నర్సింగ్ సూపరింటెండెంటు, మొదటి శ్రేణి నర్సింగ్ సూపరింటెండెంటు అను క్రమము కలదు. పేర్లను చూచిన నాలుగు మెట్లు. కాని ఈ పదవులు ఆసుపత్రి పరిమాణమును బట్టి మంజూరగునవి. చిన్న పట్టణపు ఆసుపత్రియందు స్టాఫ్ నర్సులు పలువురుందురు, హెడ్ నర్సు పదవులు వ్రేళ్లపై లెక్కింపదగినవి. సూపరింటెండెంటు పదవులు పెద్ద ఆసుపత్రులకే పరిమితములు. అందుచే పదోన్నతి యనగా తఱచుగా ఊరు విడుచుట. భర్త, పిల్లలు, వృద్ధులైన అత్తమామలు గల స్త్రీకి పెనుకొండ విడిచి దూరపు జిల్లాకు పోవుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఒప్పంద పద్ధతిపై నియమింపబడినవారికి ఆ మెట్లు సయితము లేవు. ప్రైవేటు ఆసుపత్రులలో పనిచేయువారి జీతములను గూర్చి 2016లో సుప్రీముకోర్టు కేంద్రప్రభుత్వమును ఒక సంఘమును నియమింపుమని యాదేశింపవలసి వచ్చినది.

స్తబ్ధతను ప్రభుత్వమే అంగీకరించినదనుటకు స్వయంచాలక పురోగతి పథకము నిదర్శనము. ఒకే పదవియందు నిలిచిపోయిన యుద్యోగులకు పూర్వము 8, 16, 24 సంవత్సరములకును, 2010 నాటి సవరణతో 6, 12, 18, 24 సంవత్సరములకును పై జీతపు శ్రేణి నిచ్చుచున్నారు. ఇది మేలైన యేర్పాటే. నర్సులకు మాత్రమే గాక ఇతరులకును వర్తించును. కాని దీని స్వభావమును గుర్తింపవలయును: జీతము కదలును, పదవి కదలదు. 2016లో కేంద్రప్రభుత్వ సేవలో స్టాఫ్ నర్సను పేరును నర్సింగ్ ఆఫీసరుగా మార్చిరి. ఇచ్చట పేరు కదలినది, పదవి కదలలేదు. జీతము, పేరు, పదవి, అధికారము – ఈ నాలుగును వేర్వేరు వస్తువులు. వైద్యుని యున్నతియందు నాలుగును కలిసి నడచును. నర్సు యున్నతియందు ఒక్కొక్కటి విడివిడిగా, వంతులవారీగా లభించును.

ఆక్షేపములు, సమాధానములు

ఇచ్చట రెండాక్షేపములు పుట్టవచ్చును. ప్రబంధములు రాజాంతఃపుర కల్పనలు. వానిని నేటి ఆసుపత్రితో పోల్చుట తగునా యనునది మొదటిది. కవిసమయము లోకవృత్తాంతము కాదు, నిజమే. కాని ఒక సంఘము ఏ పాత్రకు ఏ కదలికను సహజమని యొప్పుకొన్నదో కవిసమయము తెలుపును. చెలికత్తెకు కథ లేకుండుట పాఠకునకు లోపముగా తోపకపోవుటయే ఇచ్చట సాక్ష్యము.

రెండవ యాక్షేపము గంభీరమైనది. పదోన్నతి కలిగిన నర్సు శయ్యను విడిచి బల్ల వెనుకకు పోవును. జాబితాలు, హాజరు పట్టీలు, మందుల లెక్కలు చూచుకొనును. మంచి నర్సులందఱు పైకి పోయినచో రోగి గతి యేమి? ఈ ప్రశ్న న్యాయమైనది. కాని ఇది పదోన్నతికి వ్యతిరేకము కాదు, ఆ నిచ్చెన నిర్మాణమునకు వ్యతిరేకము. ఉన్నతికి పోవు త్రోవ రోగినుండి దూరముగా పోవు త్రోవగా మాత్రమే యుండుటయే లోపము. అమెరికాలో పెట్రీషియా బెన్నర్ 1984లో ప్రకటించిన గ్రంథమున, శయ్య చెంతనే యుండి నర్సు నేర్పు ఐదు దశలలో వికసించునని నిరూపించినది. క్రొత్తగా చేరినయామె నియమములను బట్టి నడచును. తుది దశకు చేరినయామె రోగి ముఖము చూచి, లెక్కలు మాఱకమునుపే ప్రమాదమును పసిగట్టును. ఈ తుది దశయే చరకుడు వైద్యునకు మాత్రము చెప్పిన దృష్టకర్మత. బెన్నర్ చేసినది, ఆ గుణమును పరిచారిక పట్టికలోనికి చేర్చుట. మన దేశమునను 2018లో కేంద్రప్రభుత్వము మిడ్‌వైఫరీ సేవలపై మార్గదర్శకములను వెలువరించి, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు సాధారణ ప్రసవములను స్వతంత్రముగా నిర్వహించు మార్గమును చూపినది. మంత్రసాని పదమున లుప్తమైన స్వామినీత్వము ఈ విధమున మరల చేరునేమో చూడవలసియున్నది.

ఉపసంహారము

పై విచారణ ఫలితములు ఇవి. పరిచర్యను శాస్త్రము చికిత్సకు పాదముగా అంగీకరించినది. కాని పరిచారకుని యనుభవమును గుణముగా లెక్కింపలేదు. భాష ఆ వృత్తికి మాతృత్వ, సోదరీత్వ వాచకముల నిచ్చి, పదవిని తెలుపు మాటను సయితము బంధువాచకముగా మార్చినది. ప్రబంధము ఆమెకు గుణముల నిచ్చి కథ నీయలేదు. చలనచిత్రము కథ నిచ్చి గతి నీయలేదు. నేటి యుద్యోగ నిబంధనలు జీతమును, పేరును, పదవిని వేఱుచేసి, ఒకటి యిచ్చునపుడు తక్కినవానిని నిలిపివేయుచున్నవి. ఈ నాలుగింటియందును ఉన్నది ఒకే రీతి: పొగడ్త పదవికి బదులుగా చెల్లింపబడుచున్నది.

విమర్శకులు ఉత్తరువులను మార్పజాలరు. కాని పొగడ్తను పరీక్షించుట విమర్శకుని ధర్మము. నర్సును దేవతగా, తల్లిగా, త్యాగమూర్తిగా చూపిన కథ మన యెదుట పడినపుడు, ఆ కథలో ఆమెకు ఏమి తెలియును, ఆ తెలివి కథను ఎచ్చటనైన నడిపించినదా, కథాంతమున ఆమె స్థానమేమి అను మూడు ప్రశ్నలను అడుగవలయును. పరిశోధక విద్యార్థులకు ఇందు చేయదగిన పని చాల కలదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఆసుపత్రులలో నర్సులు తమలో తాము వాడుకొను వృత్తిపదములను సేకరింపవచ్చును. సీనియరును జూనియరు ఏమని పిలుచును, రాత్రి విధిని ఏమందురు, రోగి పరిస్థితి దిగజాఱుటను ఏ మాటలతో ఒండొరులకు తెలుపుకొందురు అనునవి వృత్తిపదకోశములకు ఇంకను ఎక్కవలసిన విషయములు. చేనేతకును, వ్యవసాయమునకును వృత్తిపదకోశములు కూర్చిన సంప్రదాయము మనది. ధర్మవరపు మగ్గము మాటలకు లభించిన గౌరవము ఆ యూరి ఆసుపత్రి మాటలకును లభింపవలయును. ఒక వృత్తికి తన మాటలు గ్రంథస్థమైనపుడు అందలి నేర్పు కనబడును. నేర్పు కనబడినపుడు దానియందలి తారతమ్యములు కనబడును. తారతమ్యములు కనబడిన పిమ్మట వానికి తగిన పదవులు లేవను లోపము ఎవరికిని మఱుగుపడదు.